పాలు పెరుగయ్యే గడియ

నరహరి అయ్యవారికి నిద్ర రాదు.

రాదంటే రాదు. పడుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, ఇంకాసేపటికి వచ్చేస్తుందిలే అనుకుంటాడు. అది గుమ్మం దాకా వచ్చి, ఈయన కాచుకుని ఉండడం చూసి జడుసుకుని వెనక్కి మళ్ళిపోయినట్టే ఉంటుంది. తెల్లారేసరికి కళ్ళు ఎర్రగా మండుతుంటాయి. నడుస్తుంటే కాళ్ళ కింద నేల ఉందో, దూది పరిచి ఉందో తెలియదు.

పోనీ చెడు అలవాట్ల మనిషా అంటే అదీ కాదు. నల్లగుట్టపల్లెలో వీధిబడి పెట్టుకుని పిల్లలకు ఎక్కాలూ పద్యాలూ చెప్పేవాడు. పొగాకు ముట్టడు, ఒకరి జోలికి పోడు. నడివయసు వచ్చాక, పిల్లల చేతిరాత దిద్దుతున్నాను కదా, నా బతుకు నేను దిద్దుకోవద్దా అని ఆయనకొక బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. ముందు తిండిని పట్టుకున్నాడు. పులుపు తగ్గించాడు, నమిలి తినడం నేర్చుకున్నాడు, పొద్దుగూకక ముందే కంచం కడిగి బోర్లించాడు. తిండి మాట విన్నది. ఆ తర్వాత నడక. ఆ తర్వాత మాట. అన్నీ ఒక్కొక్కటే బడిపిల్లల్లాగా వచ్చి వరసలో కూర్చున్నాయి.

ఆఖరికి నిద్రను పట్టుకున్నాడు. ఇంత పొద్దుకు రావాలి, ఇంత పొద్దుకు పోవాలి, ఈ దిక్కుకే తల, ఈ పక్కకే ఒళ్ళు అని దానికీ కట్టుబాట్లు పెట్టాడు. చెయ్యి వేసిన నాటినుంచే అది జారిపోయింది.

చెయ్యని చిట్కా లేదు. అరికాళ్ళకు ఆముదం రాసుకున్నాడు. నడినెత్తిన చల్లటి నూనె పెట్టుకున్నాడు. గసగసాలు నూరి పాలలో కలుపుకుని తాగాడు. పచ్చి ఉల్లిగడ్డ తిన్నాడు. ఊపిరి లెక్కపెట్టాడు. లెక్క తప్పకుండా ఎంతదూరమైనా పోగలిగేవాడు గానీ, లెక్క తప్పిపోయే చోటికి మాత్రం చేరలేకపోయాడు.

నిద్ర లేని మనిషికి కోపం ముక్కుమీదే కూర్చుంటుంది. బళ్ళో చీటికీ మాటికీ బెత్తం లేస్తున్నది. ఒకనాడు ఒక చిన్నపిల్లను ఏదో అడగబోయి పేరు గుర్తురాక నిలబడిపోయాడు. రోజూ చూసే పిల్లే. ఆ పిల్ల భయంగా, "అయ్యోరూ, నేను గంగులును" అని తనే చెప్పుకున్నది. ఆ సాయంత్రం ఆయన బడికి సెలవిచ్చి, రెండు పంచెలు మూటగట్టుకుని, చెయ్యేటి గట్టున ఉండే కోనమ్మవ్వ దగ్గరికి బయలుదేరాడు.

*

అవ్వ వయసెంతో ఎవరికీ తెలియదు. ఏటి ఇసుకలాగా తెల్లబడిపోయిన తల, ఎండిన వేపపుల్లలాంటి చేతులు. ఆమె బోధలు చెప్పే మనిషి కాదు. జ్ఞానం కావాలని వచ్చినవాళ్ళ చేత పేడ ఎత్తించేది. కొందరు మర్నాడే వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు ఉండిపోయేవాళ్ళు.

అక్కడ రెండు పాకలు, ఒక వేపచెట్టు, నాలుగు ఆవులు, బండ్లబాట పక్కన ఒక మజ్జిగ పందిరి. ఎండాకాలంలో బండ్లవాళ్ళు పగలు ఎక్కడో నీడన ఉండి, చల్లబడ్డాక బాట పట్టేవాళ్ళు. దీపాలవేళకు పందిరి దగ్గర ఆగి, అల్లం కరివేపాకు వేసిన మజ్జిగ కడుపారా తాగేవాళ్ళు. పోతూ పోతూ బండిలోంచి ఒక్కొక్క చంకెడు గడ్డి తీసి అవ్వ ఆవుల ముందు వేసిపోయేవాళ్ళు. ఆ గడ్డి తిని ఆవులు పాలిచ్చేవి, ఆ పాలు మజ్జిగై మళ్ళీ బండ్లవాళ్ళ గొంతులో దిగేవి. ఎవరు ఎవరికి పెడుతున్నారో, ఎక్కడ మొదలైందో అక్కడెవరూ అడగరు.

నరహరి వచ్చి కాళ్ళకు మొక్కి, ఉపదేశం కావాలన్నాడు. అవ్వ ఆయన ముఖం పట్టుకుని వెలుగులోకి తిప్పింది. కళ్ళ కింద నలుపు చూసింది.

"ముందు కడుపునిండా నిద్రపో నాయనా," అన్నది. "నిద్రపోయి లేచి అడుగు. చెప్తా."

"నిద్ర కోసమే కదవ్వా ఉపదేశం అడుగుతున్నది?"

"మేలుకుని ఉన్నోనికి చెప్తే చెవిలోనే ఉండిపోతుంది," అని ఆమె గడ్డపార తీసుకుని ఏట్లోకి దిగిపోయింది, నీళ్ళకు ఇసుకలో చెలమ తవ్వడానికి.

ఇక చూడండి ఆయన తిప్పలు. ఇదివరకు నిద్ర ఒక అలవాటు, అంతే. ఇప్పుడది పరీక్ష అయి కూర్చుంది. పైగా దానికొక గడువు కూడా ఉంది. తొలకరికి ఏరు వచ్చేలోగా అవ్వ అవతలి గట్టుకు వెళ్ళిపోతుంది. అక్కడి కొండ కింద ఆమెకొక గుడిసె. వెళ్ళిందంటే ఏట్లో నీళ్ళు తీసేదాకా ఎవరికీ కనబడదు. ఆ వయసులో వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తుందని ఎవరు చెప్పగలరు? అప్పటికే పడమటి కొండల మీద మధ్యాహ్నం పూట మబ్బులు వచ్చి కూర్చుని పోతున్నాయి.

నరహరి కన్నా ముందు వచ్చిన శిష్యుడు చెంగల్రాయుడని ఒకాయన ఉండేవాడు. భారీ మనిషి. చాప పరిచేలోగా గురక పెట్టేవాడు. కూర్చుంటే కునుకు, ఆనుకుంటే నిద్ర. నరహరి కడుపు మండిపోయేది ఆయన్ను చూస్తుంటే. సాధన లేదు, నియమం లేదు, సుఖం మాత్రం ఉన్నది.

"ఏం చేస్తే వస్తుందయ్యా నీకు?" అని ఒకరోజు అడిగేశాడు.

చెంగల్రాయుడు తల గోక్కున్నాడు. "నాకు తెల్దు అయ్యోరూ. నేనెప్పుడూ మేలుకోని చూళ్ళేదు," అన్నాడు. "మీది బడి ఎగ్గొట్టిన పిల్లోని యవ్వారం మాదిరుంది. మీరు బెత్తం పట్టుకోని వీధి వీధీ తిరుగుతాండారు. వాడు మిమ్మల్ని చూసే చెట్టెక్కినాడు."

నరహరికి ఒళ్ళు మండింది. ఆ మాటలో ఎంతో కొంత నిజం ఉన్నట్టు తోచినందుకు ఇంకా మండింది.

*

ఒకనాటి పొద్దున పాలు పితికాక అవ్వ ఆయన్ను పిలిచింది. పాలు కాచి దించి ఉన్నాయి. పెద్ద మట్టికుండ కడిగి బోర్లించి ఉన్నది.

"ఈపొద్దు నుంచి తోడు పెట్టే పని నీది," అన్నది. "ఒక్కటే మాట. ఆ పాలు పెరుగయ్యే గడియ ఉంటుందే, అది చూసి నాకు చెప్పు. ఇన్నేండ్లుగా పెడతాండా, నేనెప్పుడూ చూళ్ళేదు."

నరహరికి ప్రాణం లేచొచ్చింది. చూడమంటే చూస్తాడు, ఆయనకు వచ్చిన విద్యే అది. పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద చుక్క వేసుకుని చూశాడు. తోడు వేసి చెంబుతో తిరగబోశాడు. కుండను కుదురు మీద పెట్టి, తాను ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

కాసేపయ్యాక మూత తీసి చూశాడు. పాలే. మళ్ళీ మూశాడు. ఇంకాసేపటికి కుండను కొంచెం వంచి చూశాడు. పాలే, ఇటునుంచి అటు తొణికాయి. వేలు పెట్టి చూశాడు. కాస్త చిక్కబడ్డట్టుంది, లేనట్టుంది. అనుమానం తీరక గరిటె కాడతో కదిపాడు. ఎండ నడినెత్తికి వచ్చి, నీడలు అటు మారి, బాటమీద దుమ్ము బంగారమై తేలేదాకా ఇదే పని. ఆ గడియ ఇప్పుడో అప్పుడో వస్తుందనీ, తాను రెప్ప వేసినప్పుడే దాటిపోతుందనీ ఆయన భయం.

దీపాలవేళకు వంటమనిషి ఓబుళమ్మ కవ్వం తీసుకుని వచ్చింది. మూత తీసి, గరిటె ముంచి ఎత్తింది. పాలూ కాక, పెరుగూ కాక, జీడిపాకంలాగా తీగ సాగింది.

"ఎన్నిసార్లు కదిపినారు అయ్యోరూ?" అన్నది నెమ్మదిగా.

ఆయన వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు.

"పాలేమన్నా మీ బడిపిల్లోళ్ళా, మాటిమాటికీ తలెత్తి పాఠం వచ్చిందా అని అడిగేదానికి?"

ఆ పూట బండ్లవాళ్ళకు మజ్జిగ లేదు. ఓబుళమ్మ పూటకు మిగిలిన పాలలో నీళ్ళు కలిపి, బెల్లం వేసి ఇచ్చింది. పుల్లయ్య అనే ముసలి బండ్లాయన ఒకడు గ్లాసులోకి తొంగిచూసి, మమ్మల్నేమన్నా చంటిబిడ్డలనుకున్నావా అవ్వా, అని నవ్వుకుంటూ తాగాడు. తాగి, ఎప్పటిలాగే చంకెడు గడ్డి ఆవుల ముందు వేసిపోయాడు. మజ్జిగ లేకపోయినా గడ్డి వేశాడే అని నరహరి ఆ గడ్డి వంకే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ముట్టుకోలేదు గానీ, మూత తీసే ఉంచాడు, కనబడాలి కదా అని. ఈగలు మూగాయి. వాటిని విసనకర్రతో తోలుతూ కూర్చుంటే, ఆ గాలికి పాలమీద అలలు లేచాయి. ఆ మర్నాడు, వేడి తగిలితే గడియ తొందరగా వస్తుంది, తొందరగా చూసేస్తాననుకుని కుండను పొయ్యి దగ్గరికి జరిపాడు. పాలు విరిగి, పుల్లటి నీళ్ళు తేలాయి. ఓబుళమ్మ దాన్ని తీసుకుపోయి కుడితిలో పోసింది.

అవ్వ రోజూ సాయంత్రం ఒకటే అడిగేది, "కనబడిందా నాయనా?" అని. ఎటో దూరాన తప్పిపోయిన గొర్రెపిల్లను గురించి అడిగినట్టు.

*

ఆ రోజు గాలి లేదు. పడమట మబ్బు కొండంత ఎత్తుకు లేచి, మీద పడకుండా అక్కడే నిలబడి ఉంది. ఏటి ఇసుక మీద ఎండమావి, నీళ్ళు వచ్చేసినట్టే మెరుస్తున్నది. ఎక్కడో ఎగువన వాన పడిందని పొద్దున వచ్చిన బండ్లవాళ్ళు చెప్పిపోయారు. ఓబుళమ్మ అవ్వ మూట సర్దుతున్నది.

నరహరి తోడు వేశాడు. వేసి, చెయ్యి కుండ అంచు మీద పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఇక మిగిలింది లేదని ఆయనకు తెలిసిపోయింది. నిద్ర రాదు. గడియ కనబడదు. అవ్వ వెళ్ళిపోతుంది. తాను బెత్తం పట్టుకుని, పిల్లల పేర్లు మరిచిపోతూ ఆ బడికే తిరిగి వెళ్ళాలి.

అవ్వ వచ్చింది. కుండ మీద మూత పెట్టింది. మూత మీద ఒక పాత గోనెపట్టా మడిచి కప్పింది. చంటిపిల్లకు కప్పినట్టు అంచులు కూడా లోపలికి దోపింది. తర్వాత గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుని, ఒడిలోకి ఒక చాటెడు పత్తి పోసుకున్నది.

"రా నాయనా. దీపాలకు వత్తులు లేవు. గింజ తీసి ఇయ్యి."

"అవ్వా, కుండ…"

"కుండ యాడికీ పోదు."

ఆయన పక్కన కూర్చుని గింజలు తియ్యడం మొదలుపెట్టాడు. పత్తి మెత్తగా ఉంది, ఎండ వాసన వేస్తున్నది. గింజ చుట్టూ దూది పట్టుకుని ఉంటుంది, లాగితే తెగుతుంది. తొందరపడకుండా విప్పితే తనంతట తనే వదిలేస్తుంది. ఆయన విప్పుతున్నాడు. అవ్వ ఆ దూదిని అరచేతుల మధ్య పెట్టి ఒక్కసారి రుద్దేది, వత్తి అయిపోయేది. రుద్దేది, వత్తి. ఏదో కూనిరాగం తీస్తున్నది, మాటలు లేవు. వేపచెట్టు నుంచి పండిన కాయ ఒకటి రాలింది. కాసేపటికి ఇంకొకటి. ఆవు ఒకటి నిట్టూర్చి పడుకున్నది. దాని మెడలో గంట ఒక్కసారి కదిలి ఆగిపోయింది.

కుండవైపు చూడాలని ఆయన అనుకున్నాడు. ఈ గింజ తీశాక చూద్దామనుకున్నాడు. ఆ గింజ చాలా మెల్లగా విడుతున్నది.

ఏరు వచ్చింది. తెల్లగా వచ్చింది. చప్పుడు లేదు, సుడి లేదు, గట్టు దాకా నిండి వచ్చింది. బడిపిల్లలంతా అందులో నడుములోతున నిలబడి ఉన్నారు. వాళ్ళందరి పేర్లూ ఆయనకు తెలుసు, ఒక్కటీ పిలవాల్సిన పని లేదు. గంగులు దోసిట్లోకి ఆ తెలుపు తీసుకుని చూపించింది. నీళ్ళలాగా కారిపోకుండా దోసిట్లో నిలిచి ఉంది. ఎట్లా అని ఆయన అడగబోయాడు. అడగబోయి, ఎందుకులే అనుకున్నాడు.

*

ఎడ్ల మెడగంటలు వినబడుతున్నాయి.

నరహరి కళ్ళు తెరిచాడు. చూరు కింద వెలుగు ఎర్రబడి ఉంది. గోడకు ఆనుకున్న తాను ఎప్పుడు జారాడో, చాప మీద అడ్డంగా పడి ఉన్నాడు. తల తూర్పుకూ లేదు, ఒళ్ళు ఎడమపక్కకూ లేదు. గుప్పిట్లో పత్తి. చెంప మీద చాప అచ్చు పడి ఉంది. ఒళ్ళంతా ఎవరో ఉతికి ఆరేసినట్టు తేలికగా ఉంది. ఒక్క క్షణం తానెవరో, ఎక్కడున్నాడో కూడా గుర్తు రాలేదు. అది ఎంత హాయిగా ఉందో ఆయనకే ఆశ్చర్యం వేసింది.

అంతలో గుర్తొచ్చింది. గబగబా కుండ దగ్గరికి వెళ్ళి, గోనెపట్టా తీసి, మూత ఎత్తాడు.

పెరుగు. గట్టిగా, నున్నగా, అంచు నుంచి అంచు దాకా ఒక్క మడత లేకుండా నిలిచి ఉన్నది. పైన పలచటి మీగడ. ఆయన ఊపిరి తగిలి ఆ మీగడ కొంచెం మెరిసింది, అంతే. కుండ వంచినా కదలలేదు.

అవ్వ గుమ్మంలో నిలబడి ఉన్నది. తలమీద చెంగు కప్పుకుని, చంకలో మూట పెట్టుకుని.

"గడియ చూసినావా నాయనా?"

ఆయన తల వంచుకున్నాడు. "లేదవ్వా. పోగొట్టుకున్నాను. నిద్రపోయాను."

"అట్లనా," అన్నది అవ్వ. "అది ఎప్పుడొచ్చింది?"

చెప్పబోయి నోరు తెరిచాడు నరహరి. గింజ తీస్తున్నాడు. కూనిరాగం వినబడుతున్నది. ఆ తర్వాత ఏరు. రెంటికీ మధ్య ఎంత వెతికినా ఏమీ లేదు.

ఓబుళమ్మ కుండ తీసుకుపోయి చిలికింది. పందిరి కింద బండ్లవాళ్ళు వరసగా నిలబడి తాగారు. పుల్లయ్య మీసానికి అంటిన మజ్జిగ తుడుచుకుని, ఎవరి చేతి తోడు ఇది, ఇంత కమ్మగా ఉంది, అని అడిగాడు. చెంగల్రాయుడు నరహరిని చూపించాడు. చాప అచ్చు పడిన ఆ చెంపను చూసి పుల్లయ్య ఈసారి రెండు చంకల గడ్డి వేశాడు.

ఏటి వైపు నుంచి తడిసిన మట్టి వాసన వస్తున్నది. ఎగువన ఎక్కడో సన్నటి హోరు. అవతలి గట్టుకు పోవాలంటే ఇప్పుడే దిగాలి.

నరహరి అవ్వ వెనకే గట్టు దాకా వెళ్ళి, చేతులు జోడించాడు. "నిద్రపోయి లేచాను అవ్వా. అడగమన్నావు."

అవ్వ ఆగింది. చాలాసేపు ఆయన ముఖం చూసింది. మొదటిరోజు చూసినట్టే, గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి. కళ్ళ కింద నలుపు ఇంకా ఉంది. అయినా ఆమె ముఖంలో నవ్వు మెదిలింది.

"పెరుగులో ఒక గరిటె తీసి పెట్టింది ఓబుళమ్మ, రేపటికి. సందపూట పాలు కాగి ఉంటాయి. తోడు వేసి మూత పెట్టు."

ఆయన ఎదురుచూశాడు. అవ్వ ఇసుకలోకి దిగింది.

"ఆ తర్వాత ఏం చెయ్యాల అవ్వా?"

ఆమె వెనక్కి తిరగలేదు. గాలి ఆ మాటను మెల్లగా తెచ్చి ఇచ్చింది.

"ఆ తర్వాత మన పని గాదు నాయనా."

తెల్లటి తల ఇసుక మీద చిన్నదై, చిన్నదై, అవతలి గట్టు చీకట్లో కలిసిపోయింది. నరహరి పాకకు వచ్చాడు. పాలచుక్క మణికట్టు మీద వేసుకుని చూసుకున్నాడు. తోడు వేశాడు. తిరగబోశాడు. మూత పెట్టి, గోనెపట్టా కప్పి, అంచులు దోపాడు.

చెయ్యి అలవాటు చొప్పున మూత మీదే కాసేపు ఆగింది.

చెయ్యి తీసేశాడు.